అయిపోయే ఆటలూ, అవగొట్టే ఆటలూ

పెళ్ళికెళ్ళినా, గృహప్రవేశానికెళ్ళినా, సంక్రాంతికి నందిగామ వెళ్ళినా నాకు తప్పకుండా వినపడే మాట ఒకటుంది. "ఈ గేములొచ్చి పిల్లలు చెడిపోతున్నారండీ." చుట్టూ ఉన్న నలుగురూ తలూపుతారు. నేనూపను. అందుకే నన్ను ఎవరూ పెద్దమనిషి కింద లెక్కెయ్యరు. :)

ఆ "గేములు" అన్న ఒక్క ముక్కలో ఏమేం కలిపేశారో చూడండి. నెలజీతం ఊడ్చేసే రమ్మీ యాపు. డబ్బు పెట్టి క్రికెట్ టీము కట్టించే యాపు. ఐదు నిమిషాలకోసారి "వజ్రాలు కొనుక్కో" అని దేబిరించే ఫోన్ ఆట. వాటితో పాటు నేను బస్సులో ఆడుకునే ఇరవయ్యేళ్ళ నాటి క్యాసెట్టు. అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. మన ఇళ్ళలో జరుగుతున్న అనర్థంలో సగం ఈ గాట దగ్గరే మొదలవుతోందని నా వాదన. మిగతా సగానికి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం బాధ్యులం. దాని సంగతి చివర్లో.

ముందు నేనాడే ఆటేమిటో చెప్తా. పేరు కాసిల్‌వేనియా, ఆరియా ఆఫ్ సారో. కొనామి వాళ్ళు 2003లో నింటెండో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం తీశారు. చేతిలో పట్టే యంత్రం, చిన్న తెర. మనిషి ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి నడుస్తుంటే వెనక దృశ్యం జరుగుతూ పోతుంది. తోలుబొమ్మలాట తెర చూసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మొత్తం ఓ పాడుబడ్డ కోట. గడియారపు గోపురం, నేలమాళిగ, పుస్తకాల గది, నాట్యశాల, వాటినిండా అస్థిపంజరాలు, గబ్బిలాలు, పిశాచాలు. కోట డ్రాక్యులాది.

ఈ వరస 1986లో జపాన్‌లో మొదలైంది. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన సింఫనీ ఆఫ్ ది నైట్ దాని రూపం మార్చేసింది. అంతవరకూ చాలామటుకు ఒక స్టేజీ అయిపోతే ఇంకో స్టేజీ. అప్పట్నుంచి కోట మొత్తం ఒకటే పటం. ఇప్పుడు ఎక్కలేని గోడ, రెండు గంటల తర్వాత ఎత్తుగా గెంతే శక్తి వచ్చాక ఎక్కగలవు. కాబట్టి దారి గుర్తుపెట్టుకో, మళ్ళీ రా. ఆ పనిలో ముఖ్యుడు కోజీ ఇగరాషి. తర్వాత గేమ్‌బాయ్ మీదా, డీఎస్ మీదా ఈ వరసలో వచ్చిన మంచి ఆటలు చాలావాటికి నిర్మాత ఆయనే.

ఇహ ఆరియా కథ. (ఆడాలనుకునేవాళ్ళు ఈ రెండు పేరాలూ దాటెయ్యండి.) 2035లో జపాన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం. డ్రాక్యులా 1999లోనే శాశ్వతంగా చచ్చాడు, అతని కోటని గ్రహణంలో బంధించారు. ఇది కథే గానీ గ్రహణం మాత్రం కల్పన కాదు. 2035 సెప్టెంబర్ 2న నిజంగానే జపాన్ మీదుగా సంపూర్ణ గ్రహణం ఉంది. గ్రహణమంటే మన ఊళ్ళల్లో తలుపులేసుకుని, దర్భలేసుకుని కూర్చుంటాం. సోమా అనే కుర్రాడు ఆ టైములో గుడికి వెళ్తూ వెళ్తూ గ్రహణం లోపలి కోటలో తేలతాడు. చంపిన పిశాచాల ఆత్మలు వాడిలోకి వచ్చేస్తుంటాయి, వాటి శక్తులూ వస్తాయి. ఎందుకొస్తున్నాయో వాడికి తెలీదు.

చివరికి తెలిసేదేంటంటే, డ్రాక్యులా పునర్జన్మ వాడే. అప్పుడు వాడు చేసే పని నాకు భలే నచ్చుతుంది. డ్రాక్యులాని చంపిన వంశంవాడు జూలియస్ అక్కడే ఉంటాడు. అతని దగ్గర మాట తీసుకుంటాడు: నేను గెలవలేక ఆ రాక్షసుడిగా మారిపోతే నన్ను చంపెయ్యి అని. తన చెయ్యి తన మాట వినని రోజు రావచ్చని తెలిసి, ముందే తనకో అడ్డు పెట్టుకోవడమన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

"దయ్యాల ఆట పిల్లలకెందుకు" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. చందమామ చదవలేదా మీరు? దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దశాబ్దాల పాటు సీరియళ్ళు రాశారు. పాతాళదుర్గం, శిథిలాలయం, రాకాసిలోయ, కంచుకోట. పేర్లు చూడండి, ఒక్కోటీ ఒక్కో కాసిల్‌వేనియా స్టేజీలా లేదూ? మాంత్రికులు, పాడుబడ్డ గుళ్ళు, కొండగుహలు, కాపలా రాక్షసులు. పక్కన చిత్రా గారి బొమ్మ. దాసరి గారు 2010లో కన్నుమూసేదాకా ఆయన పేరు తెలియని చందమామ అభిమానులే ఎక్కువ, ఎందుకంటే ఆ సీరియళ్ళకి పేరు వేసేవాళ్ళు కాదు. ఆ కథలు మనల్ని చెడగొట్టాయా? వేదాద్రి నరసింహస్వామి గుడికి పిల్లాణ్ణి తీసుకెళ్ళి హిరణ్యకశిపుడి కథ చెప్పినప్పుడు పేగుల సంగతి దాచారా ఎవరైనా? జగ్గయ్యపేట పక్కన ముక్త్యాల కోటకి వెళ్ళిన ఏ పిల్లాడైనా ముందు అడిగేది "లోపల ఏముంది?" అనే. భయంతో పాటు లోపలికి పోవాలనే కుతూహలం. గాథిక్ అని ఇంగ్లీషువాడు పెద్ద పేరు పెట్టుకున్నాడు గానీ, సరుకు మన దగ్గరా దండిగానే ఉంది.

ఇంజినీర్లు కాబట్టి ఇంకో సంగతి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ప్రాసెసర్ వేగం 16.78 మెగాహెర్ట్జ్. తెర 240 × 160, అంటే 38,400 చుక్కలు. ఆరియా క్యాసెట్టు మొత్తం 8 మెగాబైట్లు. కోట, సంగీతం, వందకి పైగా పిశాచాలు, కథ, రెండు మూడు ముగింపులు అన్నీ ఆ ఎనిమిదిలోనే. మనం ఆఫీసులో టైమ్‌షీట్ నింపే పేజీ ఒక్కసారి తెరుచుకోవడానికి ఎంత దించుకుంటుందో ఓసారి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూసి రండి. నేనేమీ అనను.

ఇప్పుడు అసలు విషయం.

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద మా వైపు వచ్చేవాళ్ళకి కోదాడ దాటాక పాలేరు వంతెన వస్తుంది. ఇవతల గరికపాడు, తర్వాత చిల్లకల్లు, లోపలికెళ్తే జగ్గయ్యపేట, ముందుకెళ్తే నందిగామ. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రలో ఆ పని 2020 సెప్టెంబర్‌లో జరిగింది. మధ్యలో మూడేళ్ళు ఆ వంతెనకి అవతల నేరం, ఇవతల వినోదం.

2018లో అనుకుంటా, శుక్రవారం రాత్రి బస్సు. నేను నా కోటలో ఉన్నా. పక్క సీటాయన సూర్యాపేట నుంచీ ఫోను తీస్తున్నాడు, చూస్తున్నాడు, పెట్టేస్తున్నాడు. వంతెన దాటాం. ఫోను మళ్ళీ తీశాడు, ఈసారి ముక్కలు పడ్డాయి. లొకేషన్ ఆంధ్ర అని తెలియగానే యాపు తలుపు తీసింది. నేను చిల్లకల్లులో దిగేలోపు ఆయన మూడుసార్లు డబ్బు వేశాడు. పత్తి డబ్బులని ఆయనే చెప్పాడు, నేనడగలేదు. "మీదీ గేమేనా సార్?" అని నా చేతిలోది చూసి అడిగాడు.

కాదండీ. మీదీ నాదీ ఒకటి కాదు. ఎందుకు కాదో అంకెలేసి చెప్తా.

1. నాది అయిపోతుంది. ఆరియా మొదటిసారి ఏడెనిమిది గంటల్లో ముగుస్తుంది. పటం నూటికి నూరు శాతం చూడాలంటే ఇంకాస్త. తర్వాత "సమాప్తం" అని పేర్లు పడతాయి, నేను మూత వేసి పని చూసుకుంటా. మీదానికి ఆఖరి ముక్క లేదు. గెలిస్తే ఇంకో ఆట, ఓడితే పోయింది రాబట్టుకోడానికి ఇంకో ఆట.

2. నాది ఒక్కసారి కొంటే చాలు. క్యాసెట్టులో ఉన్నదంతా నాదే. తలుపు తెరవాలంటే తాళం వెతుక్కోవాలి, జేబు వెతుక్కోనక్కర్లేదు.

3. నాది నన్ను పిలవదు. వారం రోజులు ముట్టుకోకపోయినా "మిమ్మల్ని మిస్సవుతున్నాం, ఈ వంద రూపాయల బోనస్ మీ కోసమే" అని అర్ధరాత్రి సందేశం పంపదు. సేవ్ గదిలో ఎక్కడ ఆపానో అక్కడే ఉంటుంది. తర్వాతి భాగం డాన్ ఆఫ్ సారో 2005లో డీఎస్ మీద వచ్చింది. దానికైతే మూత వేస్తే చాలు, యంత్రమే నిద్రపోతుంది.

4. నాకు నా గురించి తెలుసు, దానికి తెలీదు. నేనెంత సంపాదిస్తున్నానో, ఏ టైములో నాకు మనసు బాలేదో, ఎంత ఓడితే ఆపేస్తానో ఆ క్యాసెట్టుకి తెలియదు. అవతల వాడికి నీకంటే బాగా తెలుసు. తెలుసుకోవడమే వాడి వ్యాపారం.

దీనికి తెలివైనవాళ్ళు ఒక మాటంటారు. "నీ ఆటలో కూడా ఆత్మలు లాటరీలానే వస్తాయిగా? ఒక్క ఆత్మ కోసం అదే అస్థిపంజరాన్ని యాభైసార్లు చంపుతావు. అది జూదం కాదా?" మంచి ప్రశ్నే. వస్తాయి, చంపాను కూడా. కానీ ఆ సంభావ్యత 2003లోనే చిప్పులో పోసేశారు. నన్ను చూసి మారదు. ఒక్కో ప్రయత్నానికీ పైసా కట్టక్కర్లేదు. విసుగొస్తే మానేస్తా, ఆ ఆత్మ లేకుండానే కోట దాటొచ్చు. పాచికలు వెయ్యడంలో పాపం లేదు. వైకుంఠపాళిలోనూ వేస్తాం. పాచికకి మన కొంపని పందెం కట్టించడంలో ఉంది.

ఈ తేడా నా బుర్రలో పుట్టింది కాదనడానికి కొనామి కంపెనీయే సాక్ష్యం. అదే కోట, అదే డ్రాక్యులా, అదే కొరడా. 2009లో జపాన్‌లో ఆ పేరుతోనే పచిస్లాట్ యంత్రం దించారు. పచిస్లాట్ అంటే డబ్బు పోసి మీట నొక్కే చక్రాల పెట్టె, జూదశాలల్లో వరసగా పెడతారు. ఇంకోటి చూడండి. గ్రిమార్ ఆఫ్ సోల్స్ అని ఫోన్ ఆట చేశారు. ఉచితమే, లోపల మాత్రం లాటరీ పద్ధతిలో ఆయుధాలు. 2019లో కెనడాలో ప్రయోగానికి పెట్టి 2020లో మూసేశారు. సర్వర్ పోతే ఆడినవాళ్ళ ఆటా పోయింది. 2021లో అదే ఆటని, లోపలి కొనుగోళ్ళు పీకేసి, యాపిల్ ఆర్కేడ్‌లో పెట్టారు. కోట ఒకటే, బొమ్మలు ఒకటే. మారింది ఒక్కటే, డబ్బు అడిగే పద్ధతి. దాంతో ఆట స్వభావమే మారిపోయింది.

మరి పాత క్యాసెట్టు ఆటల గతేమైంది? ఆరియాతో సహా గేమ్‌బాయ్ ఆటలు 2021లోనూ, డీఎస్ ఆటలు 2024లోనూ సంకలనాలుగా కొత్త యంత్రాలకి మళ్ళీ వచ్చాయి. చేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే. ఇగరాషి కొనామి వదిలేశాక 2015లో జనం దగ్గర చందాలడిగితే యాభై అయిదు లక్షల డాలర్లకి పైగా ఇచ్చారు. ఆ డబ్బు తోడై 2019లో బ్లడ్‌స్టెయిన్డ్ వచ్చింది. అయిపోయే ఆట తీస్తే వ్యాపారం కాదు అనేవాళ్ళు ఈ లెక్క చూడాలి.

మా ఇంటి సంగతి చెప్తా. జగ్గయ్యపేటలో మా అక్కయ్య వాళ్ళబ్బాయికి పదమూడేళ్ళు. వాడికి నా పాత గేమ్‌బాయ్ ఇచ్చాను. వాడు కోట పటం నోటుబుక్కులో గీసుకున్నాడు, ఏ గదిలో ఏ తలుపు మూసి ఉందో గుర్తులు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు సంభాషణలు డిక్షనరీ పెట్టుకుని చదివాడు. త్రైమాసిక పరీక్షల్లో లెక్కల్లో ఆరు మార్కులు తగ్గాయి. అంతే, గేమ్‌బాయ్ అటకెక్కింది. మరి సాయంత్రాలు వాడేం చెయ్యాలి? ట్యూషన్ వీడియోలకని ఫోనిచ్చారు. అందులో ఉచిత తుపాకీ ఆట. వారం తిరక్కుండా బావగారి ఖాతాలోంచి పదిహేను వందలు పోయాయి, తుపాకీకి రంగు కొనడానికి. బావగారు నాకు ఫోన్ చేసి, "చూశావా, నువ్వు గేములలవాటు చేశావు" అన్నారు.

"బావగారూ, నేనిచ్చినదాంట్లో కొనడానికి ఏమీ లేదు. వాడి చేతిలోంచి అయిపోయేది లాక్కుని, అవనిది మీరే పెట్టారు" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. రానివ్వండి. అదే బావగారు సంక్రాంతి మూడ్రోజులూ తోటలో పేకాట దగ్గర కూర్చుంటారు. అది సంప్రదాయం. పిల్లాడి కోట మాత్రం వ్యసనం!

"టైం వేస్టు కదా" అనేవాళ్ళకి ఒక్కటే జవాబు. ఆరియా ఎనిమిది గంటలు. మీ ఇంట్లో రాత్రి ఏడున్నరకొచ్చే టీవీ సీరియల్ ఎన్ని వందల ఎపిసోడ్లయింది? ముగుస్తుందని ఎవరైనా మాటిచ్చారా?

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్ వేరు, వినోదానికి ఆడే సోషల్ గేములు వేరు, డబ్బు పందెం ఆటలు వేరు అని విడగొట్టి మూడోదాన్ని నిషేధించింది. అదే ఏడాది తెలంగాణలో బెట్టింగ్ యాపుల ప్రచారం చేశారని సినిమావాళ్ళ మీదా, యూట్యూబర్ల మీదా కేసులు పెట్టారు. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి తెలిసిన తేడా మన నట్టింట్లో తెలియకపోతే ఎలా? అయితే చట్టం ఆపేది పందాన్నే. తుపాకీకి రంగులమ్మే ఉచిత ఆట రెండో గదిలో హాయిగా ఉంది. దాన్ని పట్టుకోవాల్సింది ఇంట్లోవాళ్ళు. పట్టుకోవాలంటే ముందు గుర్తుపట్టాలి. "గేములన్నీ ఒకటే" అనేవాడు ఎలా గుర్తుపడతాడు?

చివరగా, ఇది చదువుతున్న మన సాఫ్ట్‌వేర్ జనానికి.

ఆ అర్ధరాత్రి సందేశం ఎవరు రాశారనుకున్నారు? కొమ్ములున్న రాక్షసుడేం కాదు. మాదాపూర్‌లోనో బెంగుళూరులోనో కూర్చుని ఇంటి లోను కట్టుకునే మనలాంటివాడే. డైలీ యాక్టివ్ యూజర్లు, ఏడో రోజు రిటెన్షను, ముప్పయ్యో రోజు రిటెన్షను అని డ్యాష్‌బోర్డు పెట్టుకుని, ఆకుపచ్చ గీత పైకెళ్తే చప్పట్లు కొట్టే మీటింగులో మనమందరం ఎప్పుడో ఒకప్పుడు కూర్చున్నాం. ఆ గీత మీద ఒక్కో చుక్కా పాలేరు వంతెన కోసం ఎదురుచూసే ఒక మనిషి. "నేను టికెట్‌లో రాసింది చేశానంతే" అంటే చెల్లదు. సోమా అనే ఆ బొమ్మ కుర్రాడు కూడా "నాలో ఉన్నది నా తప్పా" అనొచ్చు. అనలేదు, ముందే అడ్డు పెట్టుకున్నాడు. రోజుకింతే ఖర్చు అనే హద్దు, "ఇక చాలు" అనే మీట, పోయినవాడికి మళ్ళీ ఆశ చూపకపోవడం, ఇవి డిజైన్ రివ్యూలో అడగడానికి డైరెక్టరు పదవి అక్కర్లేదు. నోరుంటే చాలు. కాదంటే కనీసం మినిట్స్‌లోనైనా ఉంటుంది, అడిగాడని.

అడగడంతో పాటు చెయ్యాల్సింది ఇంకోటుంది. ప్రపంచంలో ఎవడికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా మన తెలుగువాళ్ళం కొన్ని వేలమందిమి పరిగెత్తుకెళ్ళి రాసిపెడతాం. శిథిలాలయాలూ పాతాళదుర్గాలూ చదివి పెరిగినవాళ్ళం, ఎనిమిది మెగాబైట్లలో ఒక తెలుగు కోట కట్టలేమా? మాటలు తెలుగులో, మాంత్రికుడు మనవాడు, మొదలున్నట్టే చివరా ఉండాలి. పిల్లాడు ఆడి, అయిపోయిందని మూత వేసి, అన్నానికి లేవాలి. అలాంటిది మనం చెయ్యనంతకాలం వాడి చేతిలో ఏముందని తిట్టే హక్కు మనకి సగమే.

తా.క.: పిల్లలకి ఏ ఆటివ్వాలి అని మెయిలు రాసేవాళ్ళకి: మూడు ప్రశ్నలేసుకోండి. అయిపోతుందా? మళ్ళీ డబ్బడుగుతుందా? వదిలేస్తే వెంటపడుతుందా? అవును, కాదు, కాదు అని జవాబొస్తే ఇచ్చెయ్యండి, దయ్యాలున్నా పర్లేదు. ఈ ప్రశ్నలు పిల్లలకే కాదు, బావగార్లక్కూడా వర్తిస్తాయి. :)